హిస్టరీ తీసేస్తే సరిపోతుందా? ఎవరి కంట పడకూడదో ముందు తేల్చుకోండి

హిస్టరీ డిలీట్ కొట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: మీరు నెట్‌లో చూసింది ఎవరి కంట పడకూడదు? మీ తర్వాత అదే కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల కంటా? ఇంట్లో అదే ఫోన్ వాడే తమ్ముడి కంటా? గూగుల్ కంటా? కాలేజీ వైఫై చూసుకునేవాళ్ల కంటా? ఈ నలుగురి దగ్గరా ఉండేది ఒకే కాపీ కాదు. ఎవరి కాపీ వాళ్లదే. ఒకటి చెరిపితే మిగతావి చెక్కుచెదరవు.

నేను హనుమకొండలో నెట్ సెంటర్ నడుపుతాను. యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, గ్రూప్స్‌కి అప్లై చేసేవాళ్లు, ఈఏపీసెట్ హాల్ టికెట్ తీసుకోవడానికి వచ్చే తల్లిదండ్రులు, పింఛను కాగితాలు పట్టుకుని వచ్చే పెద్దవాళ్లు, అందరూ వస్తారు. కుర్చీలోంచి లేస్తూ "అక్కా, హిస్టరీ మొత్తం తీసేసిన, ఇంక ఎవ్వరికీ తెల్వదు కదా?" అని అడిగే పిల్లలు చాలామంది. వాళ్లకు నిలబడి చెప్పేంత టైమ్ ఉండదు, వెనకాల ఇంకొకరు వెయిట్ చేస్తుంటారు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నెట్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు

నా దుకాణం నుంచే మొదలుపెడతాను. ఇక్కడ బ్రౌజర్ హిస్టరీ కన్నా ప్రమాదం డౌన్‌లోడ్స్ ఫోల్డర్. సాయంత్రం ఏ సిస్టమ్‌లోనైనా ఆ ఫోల్డర్ తెరిస్తే కనిపించేవి ఇవి: ఈ-ఆధార్ పీడీఎఫ్, దాని పక్కనే అదే పేరుతో బ్రాకెట్లో ఒకటి అని ఉన్న రెండో కాపీ (మొదటిసారి డౌన్‌లోడ్ అయిందో లేదో తెలియక రెండోసారి నొక్కుతారు కదా), టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్, బ్యాంక్ స్టేట్‌మెంట్, సంతకం ఫొటో, పాస్‌పోర్ట్ సైజు ఫొటో. ఒక మనిషి పేరు మీద లోన్ తీసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? హిస్టరీ శుభ్రంగా తీసేసి, వీటిని అలాగే వదిలి వెళ్లిపోతారు. ఎందుకంటే డిలీట్ బ్రౌజింగ్ డేటాలో "డౌన్‌లోడ్ హిస్టరీ" అని టిక్ పెడితే డౌన్‌లోడ్ల జాబితా పోతుంది గానీ ఫైల్ పోదు. ఇన్‌కాగ్నిటోలో (మూసేస్తే హిస్టరీ మిగలని విండోలో) డౌన్‌లోడ్ చేసినా అంతే, ఫైల్ అక్కడే ఉంటుంది.

మా దగ్గర రోజూ షాపు మూసే ముందు డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తాం. అన్నిచోట్లా చేస్తారని నమ్మకం పెట్టుకోవద్దు. మీ ఫైల్ మీరే తీసేయండి. ఫైల్ మీద ఒకసారి నొక్కి షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లోకి వెళ్లకుండా నేరుగా పోతుంది. మామూలుగా డిలీట్ చేసి ఉంటే బిన్ కూడా ఖాళీ చేయండి. ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అని ధైర్యంగా ఉండొద్దు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్. పక్కనే ఉన్న టెన్త్ మెమో చూస్తే ఆ రెండూ దొరుకుతాయి. అవసరం ఉన్నచోట మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేయండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

రెండోది వాట్సాప్ వెబ్. ప్రింట్ కోసం మీ వాట్సాప్‌ని మా సిస్టమ్‌కి లింక్ చేస్తారు. ప్రింట్ చేతికి రాగానే ట్యాబ్ మూసి లేస్తారు. ట్యాబ్ మూస్తే లాగౌట్ అయినట్టు కాదు. తర్వాత వచ్చినవాళ్లు వాట్సాప్ వెబ్ తెరవగానే మీ చాట్లన్నీ పరుచుకుంటాయి. ఇంటికి వెళ్లాక గుర్తొస్తే కంగారు పడకండి. ఫోన్లో వాట్సాప్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, లింక్డ్ డివైజెస్‌లోకి వెళ్లండి. అక్కడ విండోస్ అనో క్రోమ్ అనో, ఆఖరుగా వాడిన టైమ్‌తో సహా కనిపిస్తుంది. దాని మీద నొక్కి లాగౌట్ కొడితే ఇక్కడ వెంటనే తెగిపోతుంది. అసలు నన్నడిగితే ప్రింట్‌కి వాట్సాప్ లింక్ చేయనే వద్దు. ఫైల్‌ని సెంటర్ మెయిల్‌కి పంపండి, పని అయ్యాక డిలీట్ చేయమని అడిగి కళ్లతో చూసి వెళ్లండి. అడగడానికి మొహమాటం వద్దు, అది మీ కాగితం. పెన్‌డ్రైవ్ అయితే ఇంకా నయం, ఇంటికి వెళ్లాక వైరస్ స్కాన్ చేసుకుంటే చాలు.

జీమెయిల్ లాగౌట్ మర్చిపోతే కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి పేజీ అట్టడుగున కుడిపక్క చూడండి. చిన్న అక్షరాల్లో "డిటెయిల్స్" అని ఉంటుంది. అది నొక్కితే మిగతా అన్నిచోట్లా సైనౌట్ చేసే బటన్ వస్తుంది. ఫోన్లో అయితే గూగుల్ అకౌంట్‌లోని సెక్యూరిటీ భాగంలో "యువర్ డివైజెస్" తెరిస్తే ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో వరసగా ఉంటుంది. గుర్తుపట్టని కంప్యూటర్ కనిపిస్తే సైనౌట్ కొట్టి, పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.

ఈ బాధలన్నీ తప్పాలంటే కూర్చోగానే గెస్ట్ విండో తెరవండి. క్రోమ్‌లో పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కితే గెస్ట్ అని ఉంటుంది. దాన్ని మూసేయగానే హిస్టరీ, కుకీలు (సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో పెట్టే చిన్న ఫైళ్లు), లాగిన్లు అన్నీ పోతాయి. ఇన్‌కాగ్నిటో అయినా సరే (కంట్రోల్, షిఫ్ట్, ఎన్; ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పీ). ఒక్కటే జాగ్రత్త: ఇన్‌కాగ్నిటో విండోలు రెండు మూడు తెరిచి ఉంటే అన్నీ మూస్తే తప్ప లాగిన్ పోదు. ఒకటి కింద మినిమైజ్ చేసి మర్చిపోతే మీ అకౌంట్ అక్కడ తెరుచుకునే ఉంటుంది. "సేవ్ పాస్‌వర్డ్?" అని అడిగితే నెవర్ నొక్కండి.

ఒకవేళ మామూలు విండోలోనే పని చేసేసి ఉంటే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ మూడింటికీ ఇదే. వచ్చిన పెట్టెలో టైమ్ రేంజ్ చూసుకోకుండా డిలీట్ కొట్టేవాళ్లే ఎక్కువ. అక్కడ "లాస్ట్ అవర్" అని ఉంటే, గంటన్నర కూర్చున్న మీకు మొదటి అరగంట అలాగే మిగిలిపోతుంది. నెట్ సెంటర్‌లో అయితే ఆల్ టైమ్ పెట్టండి, మాకేం నష్టం లేదు. హిస్టరీ, కుకీలు, క్యాష్ (బ్రౌజర్ దాచుకునే పేజీల, బొమ్మల కాపీలు) మూడింటికీ టిక్ ఉండాలి. లాగిన్లు ఉండేది కుకీల్లో. ఆ టిక్ లేకపోతే హిస్టరీ ఖాళీగా కనిపిస్తుంది గానీ మీ అకౌంట్ తెరిచే ఉంటుంది.

ఇంత చేశాక కూడా సెంటర్‌లో ఒక కాపీ ఉంటుంది. ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు. 2011లో కేంద్రం తెచ్చిన సైబర్ కెఫే నిబంధనల ప్రకారం వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టర్‌లో రాయాలి, ఏ సిస్టమ్‌లో ఏ సైట్లు చూశారో ఆ లాగ్ కనీసం ఏడాది పాటు ఉంచాలి. క్యాబిన్ల మధ్య అడ్డు నాలుగున్నర అడుగులు దాటకూడదన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. మీ మెయిల్‌లో ఏం రాసుకున్నారు, పాస్‌వర్డ్ ఏంటి అన్నది ఆ లాగ్‌లోకి రాదు. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ (మీకూ సైట్‌కీ మధ్య వెళ్లేదానికి తాళం వేసే పద్ధతి) కాబట్టి సైట్ పేరు, టైమ్ వరకే తెలుస్తుంది. మీరు బ్రౌజర్‌లో ఎన్నిసార్లు డిలీట్ కొట్టినా అది మాత్రం ఉంటుంది.

బ్యాంక్ పని మాత్రం ఏ నెట్ సెంటర్‌లోనూ చేయకండి. మా దగ్గర కూడా. కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అదే పని చేసే బొటనవేలంత పరికరాలూ ఉన్నాయి, కీబోర్డు వైరుకీ సీపీయూకీ మధ్యన తగిలిస్తారు. కూర్చునే ముందు సీపీయూ వెనక్కి ఒకసారి వంగి చూడండి. కీబోర్డు వైరు నేరుగా పోర్టులోకి వెళ్లాలి, మధ్యలో పెన్‌డ్రైవ్ లాంటి ముక్క ఏదీ ఉండకూడదు.

ఇంట్లో ఒకే ఫోన్ ఉన్నప్పుడు

నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో చాలామందికి ఫోన్ సొంతం కాదు. నాన్నది, లేదా అన్నది. పీరియడ్స్ సరిగా రాకపోతే దాని గురించి చదవాలన్నా, వేరే ఊళ్లో ఉద్యోగం వెతకాలన్నా, ఒంటరిగా చూడడానికి చోటు ఉండదు. "తప్పు చేయనోళ్లకు దాచుకునేదేముంటది?" అనే మాట మన ఇళ్లల్లో బాగా వినబడుతుంది. ఆ మాట నేను ఒప్పుకోను. డాక్టర్ దగ్గర గది తలుపు వేసుకుంటాం, అది తప్పు చేసి కాదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ హక్కు ఇంటర్ చదివే పిల్లకూ ఉంది.

ఫోన్లో క్రోమ్‌కి మూడు చుక్కలు నొక్కితే "డిలీట్ బ్రౌజింగ్ డేటా" పైకే కనిపిస్తుంది. అక్కడ గత 15 నిమిషాలు అని కూడా ఎంచుకోవచ్చు. పంచుకునే ఫోన్‌కి ఇదే సరైనది. మొత్తం ఊడ్చేయొద్దు. నిన్నటిదాకా నిండుగా ఉన్న హిస్టరీ ఇవాళ ఖాళీగా కనిపిస్తే "ఏం చూసినవ్?" అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. పైగా కుకీలు కూడా పోతే నాన్న లాగిన్లన్నీ పోయి ఓటీపీలు మళ్లీ అడుగుతాయి. ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. హిస్టరీలోకి వెళ్లి మీరు చూసిన నాలుగు లైన్లూ ఒక్కొక్కటిగా తీసేస్తే మిగతాది మామూలుగా ఉంటుంది.

దానికంటే నయం ముందే ఇన్‌కాగ్నిటోలో చూడడం. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్తే, క్రోమ్ నుంచి బయటికి రాగానే ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లకు తాళం పడే ఆప్షన్ ఉంటుంది. అయితే ఆ తాళం ఫోన్ లాక్‌తోనే తెరుచుకుంటుంది. పంచుకునే ఫోన్ లాక్ అందరికీ తెలిసే ఉంటుంది కాబట్టి దాని మీద ఆధారపడొద్దు. చూడడం అయిపోగానే ట్యాబ్ మూసేయండి. సొంత ఫోన్ ఉన్నవాళ్లకు, ఎవరైనా ఒక నిమిషం ఫోన్ అడిగినప్పుడు ఆ తాళం బాగా పనికొస్తుంది.

ఇక హిస్టరీ తీసేసినా ఫోన్ మనల్ని పట్టిచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. అడ్రస్ బార్‌లో ఒక అక్షరం కొట్టగానే పాత సెర్చ్ కింద వచ్చేస్తుంది. దాని మీద వేలు కాసేపు నొక్కిపెడితే తీసేయాలా అని అడుగుతుంది. కీబోర్డు కూడా మీరు కొట్టిన మాటలు నేర్చుకుంటుంది. జీబోర్డ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద, నేర్చుకున్న మాటలూ డేటా తీసేసే ఆప్షన్ ఉంది. క్రోమ్ ఇన్‌కాగ్నిటోలో కొట్టినవి జీబోర్డ్ నేర్చుకోదు. కాపీ చేసిన ముక్క క్లిప్‌బోర్డులో ఉండిపోతుంది, అదీ చూసుకోండి. ఎప్పుడో ఏదో సైట్‌లో "అలౌ" నొక్కి ఉంటే దాని నోటిఫికేషన్లు నాన్న చేతిలో ఉండగా వచ్చి పడతాయి. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి వాటిని బ్లాక్ చేయండి. యాప్ తీసేసినా ప్లేస్టోర్‌లో మేనేజ్ యాప్స్ కింద "నాట్ ఇన్‌స్టాల్డ్" జాబితాలో ఆ పేరు ఉంటుంది. అక్కడినుంచి కూడా తీసేయవచ్చు. గూగుల్ ఫొటోస్‌లో డిలీట్ చేసిన స్క్రీన్‌షాట్ వెంటనే పోదు. బ్యాకప్ అయి ఉంటే 60 రోజులు, కాకపోతే 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే పోయినట్టు.

యూట్యూబ్ సంగతి వేరే చెప్పాలి. మీ ఫోన్లో ఉన్న గూగుల్ అకౌంటే హాల్లో టీవీలో కూడా ఉందనుకోండి. మీరు రాత్రి దుప్పటి కింద చూసిన వీడియోకి సంబంధించినవే పొద్దున టీవీలో మొదటి వరసలో నిలబడతాయి. యూట్యూబ్‌లో మీ బొమ్మ నొక్కి ఇన్‌కాగ్నిటో ఆన్ చేసుకుని చూడండి. లేదా సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ ఆపేయండి, అలా ఆపినంతసేపూ కొత్తవి ఎక్కవు.

ఇంకొక మాట, ఇది కాస్త బరువైంది. ఇంట్లో కొట్టే భర్త ఉన్నవాళ్లు, సాయం కోసం వెతకాల్సినవాళ్లు కూడా మా సెంటర్‌కి వస్తారు. అలాంటివాళ్లకు నేను చెప్పేది ఇది. ఫోన్ మీద నిఘా ఉందని అనుమానం ఉంటే ఆ ఫోన్లో అసలు వెతకొద్దు. ఇన్‌కాగ్నిటో అయినా వద్దు. నిఘా యాప్ స్క్రీన్‌నే చూస్తుంది, దానికి ఇన్‌కాగ్నిటో అడ్డు కాదు. నమ్మకమైన స్నేహితురాలి ఫోన్ వాడండి, లేదా సెంటర్‌కి రండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోనూ, డివైజ్ అడ్మిన్ యాప్స్‌లోనూ తెలియని పేరు ఏదైనా ఆన్‌లో ఉందేమో, వాట్సాప్ లింక్డ్ డివైజెస్‌లో మీరు పెట్టని కంప్యూటర్ ఉందేమో చూడండి. కనబడినా వెంటనే తీసేయకండి. తీసేసిన సంగతి అవతలి మనిషికి తెలిసిపోతుంది, మీరు క్షేమంగా ఉండే చోటు చూసుకున్నాక తీయండి. మహిళా హెల్ప్‌లైన్ 181. తెలంగాణలో షీ టీమ్స్, సఖి కేంద్రాలు ఉన్నాయి. ఆ కాల్ కూడా వేరే ఫోన్ నుంచే చేయండి. కాల్ లిస్టులోంచి తీసేసినా పోస్ట్‌పెయిడ్ బిల్లు వివరాల్లో నంబర్ రావచ్చు.

గూగుల్ దగ్గర ఉండే కాపీ

ఫోన్లో హిస్టరీ చెరిపేస్తే పోయేది ఫోన్లో ఉన్నదే. క్రోమ్ తన హిస్టరీ పేజీలో 90 రోజులవే చూపిస్తుంది. కానీ మీరు గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి వెతికినవి గూగుల్ సర్వర్లలో "వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ" అనే పేరుతో విడిగా చేరతాయి. మైయాక్టివిటీ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి చూడండి. ఏ రోజు ఏ టైమ్‌కి ఏం వెతికారు, ఏ యాప్ తెరిచారు, యూట్యూబ్‌లో ఏం చూశారు, అన్నీ వరసగా ఉంటాయి. మొదటిసారి చూపించినప్పుడు మా సెంటర్‌లో నోరు తెరవని మనిషి లేరు.

అక్కడ చేయాల్సినవి మూడు. పాతవి కావాలనుకున్నంత వరకు డిలీట్ చేయడం మొదటిది. రోజు చొప్పున, సైట్ చొప్పున, మొత్తం, ఎలాగైనా చేయవచ్చు. తర్వాత ఆటో డిలీట్ పెట్టుకోండి: 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు అని ఉంటాయి. 2020 నుంచి కొత్త అకౌంట్లకు 18 నెలలు తనంతట తానే పెట్టి వస్తుంది, మీ అకౌంట్ అంతకుముందుదైతే మీరే పెట్టాలి. నేనైతే 3 నెలలు పెట్టమంటాను. మూడోది, ఆ పేజీలోనే "మేనేజ్ మై యాక్టివిటీ వెరిఫికేషన్" అని ఉంటుంది. అది ఆన్ చేస్తే మళ్లీ పాస్‌వర్డ్ కొడితే తప్ప ఆ చిట్టా పూర్తిగా తెరుచుకోదు. ఫోన్ వేరేవాళ్ల చేతిలో ఉన్నా చూడలేరు. దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ, పనికొచ్చేది మాత్రం ఎక్కువ.

వెబ్ అండ్ యాప్ యాక్టివిటీని పూర్తిగా ఆపేయవచ్చు కూడా. లేదా దాని కిందే ఉండే చిన్న టిక్, క్రోమ్ హిస్టరీని కూడా కలుపుకునేది, అది ఒక్కటి తీసేయవచ్చు.

సింక్ (ఒకే అకౌంట్ ఉన్న ఫోన్లు, కంప్యూటర్లు అన్నిట్లో హిస్టరీని ఒకేలా ఉంచే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఒక చోట హిస్టరీ డిలీట్ చేయడం అన్ని చోట్లా డిలీట్ చేసినట్టే. మీ అకౌంట్ మీ అబ్బాయి ట్యాబ్‌లో కూడా ఉంటే మీ సెర్చ్‌లు వాడికీ, వాడివి మీకూ కనిపిస్తుంటాయి. పిల్లలకు వేరే అకౌంట్ పెట్టండి.

ఇన్‌కాగ్నిటోలో చూస్తే గూగుల్‌కి కూడా తెలియదు అనుకునేవాళ్లు ఉన్నారు. 2020లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇదే విషయం మీద గూగుల్ మీద కేసు వేశారు. 2024 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. ఇన్‌కాగ్నిటోలో సేకరించిన వందల కోట్ల రికార్డులు తుడిచేయడానికి గూగుల్ ఒప్పుకుంది, ఇన్‌కాగ్నిటో తెరవగానే కనిపించే హెచ్చరికను మార్చింది. ఆ నల్ల పేజీ మీద ఉన్న నాలుగు వాక్యాలు ఒకసారి చదవండి. మీరు వెళ్లే సైట్లు, మీ ఆఫీసు లేదా స్కూలు, మీ ఇంటర్నెట్ కంపెనీ చూడగలవని అక్కడే రాసి ఉంటుంది. ఇన్‌కాగ్నిటోలో కూర్చుని జీమెయిల్ లాగిన్ చేసి వెతికితే అది మళ్లీ మీ అకౌంట్ లెక్కలోకే వెళ్తుంది.

చెప్పుల కోసం ఒకసారి వెతికితే వారం రోజులు ప్రతి సైట్‌లోనూ చెప్పులే కనిపించడం థర్డ్ పార్టీ కుకీల (మీరు తెరిచిన సైట్ కాక, అందులో ప్రకటనలు వేసే కంపెనీలు పెట్టే కుకీల) పని. సఫారీ 2020 నుంచీ వాటిని ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైట్ కుకీలను ఆ సైట్‌కే కట్టేస్తోంది. క్రోమ్‌లో మాత్రం మామూలు విండోకి మీరే ఆపాలి: సెట్టింగ్స్, ప్రైవసీ, థర్డ్ పార్టీ కుకీస్, బ్లాక్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్‌లోకి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయండి. ఐఫోన్ అయితే యాప్ ట్రాక్ చేయొచ్చా అని అడిగినప్పుడు వద్దు అనండి.

దారిలో చూసేవాళ్లు

ఈ భాగం మీ చేతిలో తక్కువ ఉంటుంది, అందుకే త్వరగా చెప్తాను. జియో, ఎయిర్‌టెల్, ఇంటి ఫైబర్ ఏదైనా, మీరు ఏ సైట్‌కి వెళ్తున్నారో ఆ కంపెనీకి తెలుస్తుంది. ఆ సైట్‌లో ఏ పేజీ చదివారు, ఏం రాశారు అన్నది హెచ్‌టీటీపీఎస్ వల్ల తెలియదు. కాలేజీ వైఫైలో రోల్ నంబర్‌తో లాగిన్ అవుతారు కాబట్టి అక్కడ సైట్ పేరు పక్కన మీ పేరు కూడా ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కంపెనీ పెట్టిన సాఫ్ట్‌వేర్‌కి అంతకంటే ఎక్కువే కనిపించవచ్చు. కొత్త ఉద్యోగం వెతుక్కోవడం, డాక్టర్ అపాయింట్‌మెంట్, లాయర్‌కి మెయిల్, ఇవి ఆఫీసు మెషీన్‌లో చేయకండి. సొంత ఫోన్, సొంత డేటా మీద చేసుకోండి.

ఆండ్రాయిడ్ 9 నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని ఉంది. అక్కడ డీఎన్‌ఎస్ డాట్ గూగుల్ అని ఇస్తే ఫలానా సైట్ ఎక్కడుందని మీ ఫోన్ అడిగే ప్రశ్న తాళం వేసి వెళ్తుంది. అయితే ఆ ప్రశ్న ఇప్పుడు గూగుల్‌కి వెళ్తుంది, సైట్ పేరు వేరే దారిలో ఇంకా బయటపడవచ్చు. కొంత మేలు, పూర్తి మేలు కాదు.

వీపీఎన్ (మీ నెట్‌ని తాళం వేసి వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపే సర్వీసు) పెట్టుకుంటే మీ ఇంటర్నెట్ కంపెనీకి కనిపించేది ఆ వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది, అంతే తేడా. కాబట్టి ఎవరిని నమ్ముతున్నారో చూసుకోండి. ఊరికే ఇచ్చే వీపీఎన్ యాప్‌కి కూడా సర్వర్ల ఖర్చు ఎక్కడినుంచో రావాలి. చాలావాటికి అది మీ డేటా నుంచే వస్తుంది. మన దేశంలో 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేరు, అడ్రస్, ఐపీ (నెట్‌లో కనెక్షన్‌కి ఉండే నంబర్) వివరాలు 5 ఏళ్లు ఉంచాలని అందులో ఉంది. దాంతో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ తమ సర్వర్లను ఇండియా నుంచి తీసేశాయి. రైల్వే స్టేషన్ వైఫైలో అవసరమైన పని పడితే డబ్బు కట్టిన వీపీఎన్ పనికొస్తుంది. ఫ్రీ వీపీఎన్ కంటే మాత్రం మీ సొంత మొబైల్ డేటా మేలు.

చెరపకూడని రోజు

మా సెంటర్‌కి కొందరు వణుకుతూ వస్తారు. లింక్ నొక్కాం, డబ్బు పోయింది, భయమేసి మెసేజీలూ హిస్టరీ అన్నీ డిలీట్ చేశాం అంటారు. ఎవరో ఫొటోలు పెట్టి బెదిరిస్తుంటే ఆ చాట్ చూడలేక తీసేసినవాళ్లూ ఉన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ అలాంటి రోజు మాత్రం డిలీట్ జోలికి పోవద్దు. మీరు వెళ్లిన నకిలీ సైట్ అడ్రస్ మీ హిస్టరీలోనే ఉంటుంది, పోలీసులకు కావాల్సింది అదే.

డబ్బు పోయినట్టు తెలియగానే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంక్‌కి చెప్పి కార్డు, యూపీఐ ఆపించండి. ఆ తర్వాత స్క్రీన్‌షాట్లు తీయండి: హిస్టరీలో ఆ సైట్ లైన్ టైమ్‌తో సహా, పూర్తి అడ్రస్, మెసేజ్, పంపినవాళ్ల నంబర్, డబ్బు వెళ్లిన యూపీఐ లావాదేవీ నంబర్. వాట్సాప్ బెదిరింపు అయితే ముందు స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. ఎనీడెస్క్ లాంటి, మీ ఫోన్‌ని దూరం నుంచి చూడనిచ్చే యాప్ ఏదైనా వాళ్లు వేయించి ఉంటే మొదట ఫోన్ నెట్ ఆపండి, యాప్ పేరు కనిపించేలా ఒక ఫొటో వేరే ఫోన్‌తో తీసి, అప్పుడు దాన్ని తీసేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాసేటప్పుడు ఇవన్నీ అప్‌లోడ్ చేయాలి. రాయడం రాకపోతే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి, లేదా నెట్ సెంటర్‌లో రాయించుకోండి. మా దగ్గర దానికి డబ్బు తీసుకోం. ఫిర్యాదు నంబర్ చేతికి వచ్చాక, ఆ స్క్రీన్‌షాట్ల కాపీలు సెంటర్ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లోంచి షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేసి వెళ్లండి. మీ ఫోన్లో ఉన్నవి మాత్రం కేసు తేలేదాకా ఉంచండి.